చావుల లెక్క తేలేదాకా ఆగాలా?

చర్చాంశం: హైదరాబాద్ రోడ్లపై సైకిళ్లకు విడిగా చోటు కేటాయించాలా?

తార్నాక ప్రయాణికుడు:
వద్దంటాను. ఉన్న రోడ్డులో ఒక వరుస తగ్గిస్తే సిటీ బస్సు కదలదు. బస్సు నిండా జనం, సైకిలు మీద ఒక్కరు. ఎవరికి ముందు చోటివ్వాలి? పైగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పుతో సహా. సరదా ఉన్నవాళ్లు అక్కడ తొక్కుకోవచ్చు.

ఉప్పల్ సైకిలు:
సరదా అన్నారే, అక్కడే మీకూ నాకూ పేచీ. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉన్న ఆ ట్రాక్ బాగుంది, కాదనను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఇంటికి వెళ్లే దారి మాత్రం అది కాదు. తెల్లవారుజామున రోడ్డెక్కి చూడండి. పేపరు కట్టలు, పాల క్యాన్లు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న కూలీలు. చాలా సైకిళ్లకు వెనక దీపం కూడా ఉండదు.

ఒకరోజు ఆ వాచ్‌మన్ వెంట నేనూ సైకిలు మీద వెళ్లాను. సందులోంచి పెద్ద రోడ్డెక్కి కుడివైపు తిరగాలి. మునుపు కూడలిలో సిగ్నల్ పడితే తిరిగేవాడు. ఇప్పుడు ఆ కూడలిని మూసేశారు. ఎడమకు వెళ్లి, దూసుకొచ్చే మూడు వరుసల బండ్లను దాటుకుని, డివైడరు పక్కనున్న యూటర్న్ పట్టుకోవాలి. ఆయన అలా వెళ్లడు. రోడ్డు అంచునే రాంగ్ రూట్‌లో తదుపరి సిగ్నల్ దాకా తొక్కుతాడు. "వెనక నుంచి వచ్చే లారీ కనపడదు సార్, ఎదురొచ్చేదైతే కనపడుతుంది" అన్నాడు.

తార్నాక ప్రయాణికుడు:
అంటే రాంగ్ రూట్‌ను సమర్థిస్తున్నారా?

ఉప్పల్ సైకిలు:
లేదండీ. అది ప్రాణాంతకం, ఆయనకూ తెలుసు. అందుకే ఆ యూటర్న్ దగ్గర సైకిళ్లు, పాదచారులు దాటడానికి సిగ్నల్ పెట్టమంటున్నాను. జాతీయ రహదారులపై బ్లాక్ స్పాట్, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు, అని దేన్నంటారో చూడండి: సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో, మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. ఈ కొలత పెట్టుకుంటే మా మలుపు జాబితాకెక్కేసరికి ఎన్ని ఇళ్లలో ఏడుపులు వినిపించాలి?

బస్సు వరుస నాకూ ముఖ్యమే, దాన్ని తీసేయమనడం లేదు. ఎడమ అంచున ఆపి ఉంచిన కార్లను తీయించండి, సైకిలుకు చోటు దొరుకుతుంది. పాదచారులు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో స్టాక్‌హోమ్ ప్రపంచ సదస్సు ప్రకటించింది. కాలనీ రోడ్లలో అది రేపే మొదలుపెట్టవచ్చు. సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్ దగ్గర బండ్లు వేగం తగ్గించకుండా తిరుగుతున్నాయి, ఆ మలుపును ఇరుకు చేయాలి.

నల్లకుంట అమ్మ:
వాననీటి కాలువల మీది జాలీల సంగతీ చేర్చండి. మా వీధిలో వాటి కమ్మీలు రోడ్డు పొడవునే ఉన్నాయి. మా అబ్బాయి సైకిలు ముందు చక్రం అందులో దిగబడింది, మోచెయ్యి చీరుకుపోయింది. వెనకాల ఆటో ఆగింది కాబట్టి సరిపోయింది. కమ్మీలు అడ్డంగా ఉన్న జాలీ వేయించడానికి ఏ వరుసా తగ్గించనక్కర్లేదు కదా?

తార్నాక ప్రయాణికుడు:
అక్కర్లేదమ్మా. జాలీలకు, ఆ సిగ్నల్‌కు నా అభ్యంతరం లేదు. అర్జీ రాస్తే నేనూ సంతకం పెడతాను. విడి వరుస విషయంలో మాత్రం నా మాట మారలేదు.