హెచ్‌టాప్‌లో సీపీయూ ఖాళీ, లోడ్ యావరేజ్ మాత్రం 9. ఎందుకిలా?

నాలుగు కోర్ల లైనక్స్ సర్వర్ అండీ. హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టూల్) తెరిస్తే సీపీయూ గీతలు నాలుగూ దాదాపు ఖాళీ, మెమరీ కూడా సగం మిగిలే ఉంది. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వేచి ఉన్న పనుల సగటు సంఖ్య) మాత్రం 9 దగ్గర నుంచి దిగట్లేదు. ప్రాసెస్ స్థితిని చెప్పే 'ఎస్' కాలమ్‌లో, బ్యాకప్ తాలూకు ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్) ప్రాసెస్‌లు కొన్ని 'డి' అని, అంటే డిస్క్ లాంటి దానికోసం కదలకుండా ఆగినట్టు, చూపిస్తున్నాయి. ఎఫ్9 నొక్కి సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే సిగ్నల్) పంపినా ఉలుకూ పలుకూ లేదు!

లైనక్స్ లోడ్ లెక్కలో డిస్క్ కోసం ఆగినవీ కలుస్తాయని తెలుసు, కాబట్టి అంకె చూసి టెన్షన్ ఏమీ లేదు. అవి దేనికోసం ఆగాయన్నదే అంతుచిక్కట్లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీదుగా వేరే మెషీన్ నుంచి తగిలించిన ఫోల్డర్) మీద నా అనుమానం. ఏ ప్రాసెస్ డిస్క్‌ను ఎంత వాడుతోందో చూపే ఐయోటాప్‌లో చూస్తే అన్నీ సున్నాలే. ఏ ఫైలు దగ్గర ఇరుక్కున్నాయో ఎలా పట్టుకోవాలి? రీబూట్ చేయకుండా వదిలించుకునే దారి ఉందా? అదే సర్వర్ మీద వేరేవాళ్ల పనులూ నడుస్తున్నాయి, ఆపితే ఊరుకోరు.