అప్‌డేట్: బ్రిటన్‌లో సహకార సంఘం ద్వారా మామయ్యగారి అంత్యక్రియలు

ఇంగ్లండ్‌లో మరణించిన మామయ్యగారి అంత్యక్రియలను వినియోగదారుల సహకార సంఘానికి అప్పగించవచ్చా, అందుకు సభ్యత్వం తప్పనిసరా అని అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మమ్మల్ని సభ్యత్వం అడగలేదు.

1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ పట్టణంలో నేత కార్మికులు, చేతివృత్తులవారు కలిసి నిజాయితీగా సరుకులు అమ్మేందుకు తెరిచిన దుకాణం బాటలోనే ఈ సంఘాలు పెరిగాయి కనుక ధరలు స్పష్టంగా ఉంటాయని ఆశించాను, అలాగే ఉన్నాయి. అయితే 2021 నుంచి బ్రిటన్‌లో అంత్యక్రియల సంస్థలన్నీ ఒకే నమూనాలో ధరల పట్టిక ప్రదర్శించడం చట్టరీత్యా తప్పనిసరి కాబట్టి, ప్రైవేటు సంస్థలతోనూ పోల్చి చూడండి. దహనవాటిక రుసుము మాత్రం వేరుగా చెల్లించాలి.

అన్నిటికన్నా చౌకైన పద్ధతిలో కుటుంబసభ్యుల సమక్షంలో కార్యక్రమం ఉండదు. స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, మంత్రాలతో సాగనంపాలన్నది అత్తయ్యగారి కోరిక. అందువల్ల ఖర్చు ఎక్కువైనా సరే, ఆ చౌక పద్ధతిని వద్దనుకున్నాము.