క్యాంపర్ ట్రైలర్‌కి స్లయిడ్ కిచెన్: వెయ్యి డాలర్లలో అవుతుందా, అసలు అవసరమా?

దారిపొడుగు (మెల్‌బోర్న్)
అందరికీ నమస్కారం. కారు వెనక తగిలించుకుని లాగే, టెంటు మడిచి ఉండే పాత క్యాంపర్ ట్రైలర్ ఒకటి కొన్నాం. టెంటు బాగుంది, కిచెన్ మాత్రం లేదు. పక్క తలుపులోంచి బయటికి లాగే స్లయిడ్ కిచెన్ పెట్టాలని ఆశ. నేను చూసిన రెడీమేడ్ స్టీల్‌వి రెండు వేల డాలర్లు దాటుతున్నాయి. ప్లైవుడ్‌తో నేనే చేసుకుంటే వెయ్యిలోపు అవుతుందా? ఇంట్లోవాళ్ళేమో మడత బల్ల చాలంటున్నారు. మీరేమంటారు?

వంటిల్లు (బ్రిస్బేన్)
మీ ఇంట్లోవాళ్ళ మాటే నాదీ, తమ్ముడూ. మనవాళ్ళు ఎక్కువగా దిగేది క్యారవాన్ పార్కుల్లోనే. అక్కడ అందరూ వాడుకునే క్యాంప్ కిచెన్ ఉంటుంది. పొయ్యి, సింకు, చాలాచోట్ల ఫ్రిజ్ కూడా. ఒక మడత బల్ల, రెండు బర్నర్ల పొయ్యి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు రెండు కొనుక్కోండి. ఒక డబ్బాలో పోపుల పెట్టె, కుక్కరు, అట్లపెనం. రెండోదాంట్లో బియ్యం, పప్పులు. వర్షం వస్తే బల్లను ఆనింగ్ (ట్రైలర్ పక్కన పరిచే గుడ్డ పందిరి) కిందికి జరుపుకోవచ్చు. స్లయిడ్ కిచెన్ జరగదు కదా! గాలి ఎటు వీచినా ఉన్నచోటే నిలబడి వండాలి.

ఎర్రమట్టి (పెర్త్)
అక్కా, పార్కుల వరకు మీ మాట నిజం. కానీ లాంగ్ వీకెండ్‌లో ఆ క్యాంప్ కిచెన్‌లో పొయ్యి ఖాళీ దొరకడమే గగనం. గిబ్ రివర్ రోడ్డు లాంటి మట్టిదారుల్లో రోజుకో చోట దిగేవాళ్ళకైతే స్లయిడ్ కిచెన్ పెద్ద సుఖం. చీకటి పడ్డాక చేరినా తలుపు తీసి లాగితే చాలు, టీ పెట్టుకోవచ్చు. పిల్లలు ఆకలంటుంటే డబ్బాలు దించి, బల్ల విప్పి, పొయ్యి బిగించి వండడం ఎంత విసుగో ఒకసారి ఆలోచించండి. ఒక్క జాగ్రత్త: తలుపు చుట్టూ రబ్బరు సీలు కొత్తది వేయించండి. ఎర్రదుమ్ము సన్న సందు దొరికినా దూరుతుంది, కిచెన్ పెట్టె జారే లోహపు పట్టాల (వీటినే రైళ్ళు అంటాం) బేరింగుల్లో గ్రీజుతో కలిసి ముద్దకడుతుంది.

రెంచి (అడిలైడ్)
ఖర్చు సంగతికి వద్దాం. వెయ్యిలోపు అవుతుంది. కానీ పొదుపు చేయాల్సింది చెక్క పెట్టె మీద, రైళ్ళ మీద కాదు. ఇంట్లో వాడే డ్రాయర్ రైళ్ళు మట్టిరోడ్డు కుదుపులకు నిలవవు. జతకు 227 కిలోల రేటింగ్ ఉన్నవి, లోపలికి తోసినప్పుడూ బయటికి లాగినప్పుడూ లాక్ పడేవి తీసుకోండి. మీ బడ్జెట్‌లో పెద్ద వాటా వీటికే పోతుంది, పోనివ్వండి. వాటిని నిలువుగా, పెట్టెకి రెండు పక్కలా బిగించాలి. పడుకోబెట్టి బిగిస్తే ఆ రేటింగ్‌కి అర్థం లేదు.

చాలామంది చూసుకోనిది రైళ్ళను ట్రైలర్‌కి పట్టించే వెనక బోల్టులు. మీటరు పొడవున్న పెట్టె, సామానుతో 45 కిలోలు అనుకోండి. పూర్తిగా లాగితే ఆ బరువు సగటున అర మీటరు బయట వేలాడుతుంది. ముందు బోల్టుల మీద కిందికి ఒత్తిడి, వెనక బోల్టుల మీద పైకి లాగుడు. ఇక పెట్టె చివర్న నిలబడి 20 కిలోల బలంతో చపాతీ ఒత్తారంటే ఆ లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే వెనక వైపు చెక్క స్క్రూలు వద్దు. ఇటు నుంచి అటు దూరే బోల్టు వేసి, అవతల ఇనుప పట్టీ పెట్టి బిగించండి. బయటి చివర మడత కాలు తప్పనిసరి.

రైళ్ళ మధ్య దూరం ముందూ వెనకా ఒక్కటే ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పట్టేస్తుంది. ట్రైలర్‌ని మట్టంగా నిలబెట్టాకే కొలవండి.

18 మిల్లీమీటర్ల ప్లై వద్దు. 2400కి 1200 షీటు సుమారు 30 కిలోలు తూగుతుంది. 12 అయితే 20 కిలోల దగ్గర ఆగుతుంది, మూలల్లో అల్యూమినియం యాంగిల్ వేస్తే సరిపోతుంది.

వంటిల్లు (బ్రిస్బేన్)
రెంచి గారూ, మీరు చెప్పినవన్నీ బరువు పెంచేవే. రైళ్ళ జతే పది కిలోల దరిదాపు ఉంటుంది కదా. ట్రైలర్ ప్లేటు మీద రాసిన ఏటీఎం (సామానుతో కలిపి ట్రైలర్ ఉండదగ్గ గరిష్ఠ బరువు) దాటితే ఇన్సూరెన్సుతో తంటా. పైగా గ్యాసు మాట ఎవరూ ఎత్తలేదు. సిలిండర్ నుంచి పైపు ట్రైలర్‌కి శాశ్వతంగా బిగించాలంటే లైసెన్సున్న గ్యాస్ ఫిట్టరే చేయాలి, సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ ఖర్చు వెయ్యిలో కలిపారా?

రెంచి (అడిలైడ్)
గ్యాసు విషయంలో మీ మాటే నా మాట, అక్కా. అక్కడ సొంత పని చేయకూడదు. అందుకే బడ్జెట్‌లో చేసేవాళ్ళకి శాశ్వత పైపు జోలికి పోవద్దనే చెబుతాను. విడి పొయ్యిని స్లయిడ్ మీద పెట్టుకుని, రెగ్యులేటరు, హోస్‌తో నేల మీది సిలిండర్‌కి కలుపుకోవాలి. ప్రయాణంలో సిలిండర్ ఎప్పుడూ బయటి హోల్డర్‌లోనే ఉండాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే మూసిన పెట్టె అడుగున చేరి నిలిచిపోతుంది. సిలిండర్ మీద ముద్ర వేసిన తేదీ కూడా చూడండి, పదేళ్ళు దాటితే మళ్ళీ పరీక్ష చేయించాల్సిందే.

దారిపొడుగు గారూ, ఏటీఎంలోంచి టేర్ (ఖాళీ ట్రైలర్ బరువు) తీసేస్తే ఎంత మిగులుతుందో, తలుపు వెడల్పు ఎంతో చెప్పండి.

దారిపొడుగు (మెల్‌బోర్న్)
ఇప్పుడే చూశాను. ఏటీఎం 1500 కిలోలు, టేర్ 1150. మిగిలింది 350. నీళ్ళ ట్యాంకు 80 లీటర్లు నిండితే 270. తలుపు లోపలి వెడల్పు 560 మిల్లీమీటర్లు. నా దగ్గరున్న పొయ్యి 520, కాబట్టి పడుతుందనుకుంటా.

రెంచి (అడిలైడ్)
పట్టదండి. ఒక్కో రైలు మందం 19, రెండూ కలిపి 38. పెట్టె బయటి వెడల్పు 522కి దిగింది. ప్లై గోడలు రెండు 24 తీసేస్తే లోపల 498. పొయ్యిని తిప్పి పెట్టి, మీరు స్లయిడ్ పక్కన నిలబడి వండుకోవాలి. బరువుకైతే చోటుంది, కానీ ట్యాంకు, బ్యాటరీ కిచెన్‌కి ఎదుటి పక్కన ఉండేలా చూసుకోండి. ఒకే పక్క బరువు పడకూడదు.

వంటిల్లు (బ్రిస్బేన్)
కట్టేదే అయితే, తమ్ముడూ, పొయ్యి బయటి చివర పెట్టించుకో. పోపు చిటపటలు టెంటు గుడ్డకి దూరంగా ఉంటాయి. తరిగే పలక, చపాతీ పీట ట్రైలర్ వైపు ఉండనీ. ఎంత గట్టిగా ఒత్తినా రెంచి గారు చెప్పిన ఆ వెనక బోల్టుల మీద భారం పెద్దగా పడదు. మడత బల్ల మాత్రం అమ్మేయకు, గిన్నెలు కడగడానికి ఎలాగూ కావాలి.