వెండి రెండాణాల బిళ్ల అంగట్ల నడిచిందా, సందుగలనే ఉన్నదా?

అహేరి_పోరడు:
మా అవ్వ సందుగల చిన్న చిన్న వెండి రెండాణాల బిళ్లలు దొరికినయి. మా పెద్దబాపు ఏమంటడంటే, గరీబోళ్లు వెండి చేతుల పట్టింది లేదు, అంతా గింజలకే మారకం, వెండి బిళ్లంటే పెండ్లి సదివింపులకు, దాచుకునుడుకే అని. నాకూ అదే కరెక్ట్ అనిపిస్తది, నిజంగ ఖర్చు పెట్టేదుంటే ఇంట్ల ఎందుకు మిగుల్తయి? మీరేమంటరు?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
తమ్మీ, పెద్దమనిషి మాట మీద గౌరవం ఉన్నది గని నేను ఒప్పుకోను. ముందుగాల ఆ బిళ్లలను ఎండకు పట్టి మంచిగ సూడు. మా ఇంట్ల ఉన్నయైతే రాణి ముక్కు, చెవి, జుట్టు అన్నీ అరిగి నున్నగైనయి, ఎనుక సాలు అంకెలు సగం చెరిగినయి. సందుగల పండుకున్న బిళ్ల గట్ల అరగదు, ఎంతమంది చేతులు మారితే, ఎన్ని రొండిసంచులల్ల రాసుకుంటే గట్లైతదో ఆలోచించు.

రూపాయంటే తులం, 11.66 గ్రాములు. రెండాణాలు దాంట్ల ఎనిమిదో వంతు, అంటే గ్రామున్నర గూడ లేదు, బొటనేలు గోరంత బిళ్ల. అదే రాగి పైసలల్ల ఇయ్యాలంటే ఎనిమిది కావాలె, 1906కు ముందటి రాగి పైస ఒక్కోటి ఆరున్నర గ్రాముల దాకా ఉండె, ఎనిమిది కలిపితే యాభై గ్రాములు దాటుతది. అంగడికి నడిచి పోయేటోడు ఏది కొంగుల కట్టుకుంటడు? కూలి గింజలల్ల ముట్టిందనే మాట నిజమే, కాదంటలేను, గని ఉప్పుకు, గ్యాసునూనెకు, బట్టకు, సర్కారు శిస్తుకు రొక్కమే గద.

ఇగ నువ్వడిగిన అసలు సంగతి, ఎందుకు మిగిలినయి అని. మొదటి యుద్ధంల వెండి ధర ఎక్కడికో పోయింది, ఇంగ్లీషోళ్ల వెండి రెండాణాలు 1917తోని బంద్ అయింది, 1918 నుంచి మూలలు గుండ్రంగున్న నలుచదరం రాగి-నికెల్ బిళ్ల వచ్చింది. రెండిటికీ అదే విలువ, ఒకటి వెండి, ఒకటి కాదు, ఎవరైనా నికెల్‌దే దుకాణంల ఇచ్చి వెండిది ఇంట్ల పెట్టుకుంటరు. 1940లల్ల చారాణ, ఆఠాణలల్ల వెండి సగానికి దించినంక పాత బిళ్లల గతీ గంతే. మీ పెద్దబాపు తన పెద్దలకెళ్లి విన్నది ఈ దాచుకున్న కాలం ముచ్చట, దానికి ముందు నడిచిన కాలం ఆ బిళ్ల అరుగుడుల ఉన్నది.

ధర్మాబాద్_మిర్చి:
అన్నా మీరు చెప్పేదంతా ఇంగ్లీష్ రాజ్యం లెక్క, 1860ల నిజాం ఆ పట్టీ ఇచ్చేసినప్పటి సంది సిరొంచ వాళ్ల కిందనే ఉండె గద. మా నాందేడ్ దిక్కు నిజాం సొంత నాణెం, హాలీ సిక్కా. ఉస్మాన్ అలీ ఖాన్ కాలంల గూడ చార్మినార్ బొమ్మతోని వెండి రెండాణాలు కొట్టిన్రు, మీ 1918 గీత మాకు పనికిరాదు, మా తాతలు వెండిదే ఖర్చు పెట్టిన్రు. పోరనివి ఏ సిక్కావో అడగకుండ ఎట్ల తేలుస్తరు?

అహేరి_పోరడు:
రెండు రకాలున్నయి అన్నా. కొన్నిటి మీద చార్మినార్, ఉర్దూ అక్షరాలు ఉన్నయి.

ప్రాణహిత_ఒడ్డు:
ఉండాల్సిందే తమ్మీ, నది ఇవతల కల్దార్, అంటే ఇంగ్లీషోళ్ల రూపాయి, అవతల కాళేశ్వరం ఒడ్డెక్కితే హాలీ, జాతరకో సుట్టరికానికో పోయినోళ్లు రెండూ పెట్టుకునేటోళ్లు. ధర్మాబాద్ తమ్ముడు చెప్పిన దానితోని నా మాటే గట్టిపడ్డది, వెండికి బదులు నికెల్ బిళ్ల లేనికాడ జనం వెండినే ఖర్చు పెట్టిన్రు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు అనే లెక్క గూడ ఊకె పెట్టింది కాదు, కల్దార్‌ల వెండి 91.7 శాతం, హాలీల 81.8 శాతం, బరువు గూడ కొంచెం తక్కువ, లెక్కేసి సూస్తే వెండి ఆ పాలుకే దగ్గరగ వస్తది. సిక్కా మార్చి వట్టం, అంటే కోత, పట్టుకునే సాహుకారికి ఇది బాగ ఎరుకే.

నువ్వు ఒక పని చెయ్యి, రెండు రకాలు వేరు చేసి కంసలి కాడ సన్న తరాజుల తూకం వేయించి ఫోటోలు పెట్టు. పైన రింగు అతికించిన మరక ఏమన్న ఉన్నదా సూడు, ఉంటే అది దండల పడ్డ బిళ్ల, దాన్ని పక్కకు పెట్టు. చింతపండు పెట్టి తోమకు, తేజాబ్‌ల (యాసిడ్‌ల) అసలే ముంచనియ్యకు, ఆ అరుగుడు పాడైతే మనం మాట్లాడుకోనీకె ఇగ ఏం ఉండది.