‘అనగనగా’లో జారిపోయిన ‘న’

ప్రశ్న: యానిమేషన్ చిత్రాలు అద్భుత కథల సంప్రదాయాన్ని ఎలా తిరగరాస్తాయన్న వ్యాసం రాస్తూ, 2001 నాటి ‘ష్రెక్’ తొలి దృశ్యం దగ్గర ఆగిపోయాను. రాకుమారి శాపం, తొలి ముద్దుతో విమోచనం అని పుస్తకంలో చదువుతున్న ష్రెక్, ఇది జరిగే పనేనా అని నవ్వి ఆ పుటను చింపేస్తాడు. ఆ పుటను ‘అనగనగా’ అని తెనిగించగానే వేమన గారి ‘అనగ ననగ రాగ’ మనసులో మెదిలి వదలడం లేదు. ఈ రెండూ ఒకటేనా?

స్పందన: కావండీ. వేమన పద్యంలో ‘అనగన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం కనుక ‘న’ నిలిచింది. దాన్ని తీసి ‘అనగనగ’ అంటే ఐదు లఘువులే మిగిలి, ఆటవెలది పాదంలో మూడు మాత్రలుండాల్సిన రెండో సూర్యగణం చెడుతుంది. కథలోనిది ద్రుతం లేని అత్వసంధి, అంటే మొదటి పదం చివరి ‘అ’ లోపించి తరువాతి అచ్చు కలవడం.

మరొక స్పందన: సంధి కన్నా అర్థం ముఖ్యమని నా మనవి. పద్యంలోని ‘అనగ’ సాధన చేసే గాయకుడిది. కథలోని ‘అనగా’ ఎవరో చెప్పగా విన్నది, ఆ చెప్పినవారెవరో ఎన్నటికీ తెలియదు. ష్రెక్ నవ్వు ఆ అజ్ఞాత వక్త మీదనే.

మరొక స్పందన: పై మిత్రులతో ఏకీభవించలేను, రెండింటిలోనూ ఉన్నది పునరుక్తి మహిమే. గ్రిమ్ సోదరుల స్నో వైట్ కథలో ముద్దు లేదు. సేవకులు తూలినప్పుడు పేటిక కుదుపుకు గొంతులోని ఆపిల్ ముక్క ఊడిపడుతుంది. ముద్దుతో మేల్కొలిపింది 1937 నాటి డిస్నీ చిత్రం. 2013లో ‘ఫ్రోజెన్’ వచ్చేసరికి, గుండె గడ్డకడుతున్న రాకుమారి ఆనా, తనను బతికించగల ముద్దు కోసం స్నేహితుడు క్రిస్టాఫ్ వైపు వెళ్తూ, అక్క మీదికి లేచిన కత్తిని చూసి అటు తిరిగి, అడ్డంగా నిలిచి మంచుబొమ్మ అవుతుంది, ఆ త్యాగంతోనే కరుగుతుంది. కనుక ఈ చిత్రాలు కాదన్నది ఆదిమ కథను కాదు, తినగ తినగ తియ్యనైన వేములా, పదేపదే చెప్పగా రుచించిన ముద్దునే. ఎంత గొప్ప పోలిక కట్టాడండీ వేమన!

మొదటి స్పందన రాసినవారు: పోలిక బాగుంది, కానీ నా ‘న’కు సమాధానం రాలేదు. ద్రుతం నిలిచి ఉంటే కథ కూడా ‘అనగననగా’ అనే మొదలయ్యేది.

ప్రశ్న అడిగినవారు: కథ చెప్పేటప్పుడు ‘అనగా అనగా’ అని రెండు ‘గా’లనూ సాగదీస్తాం కదా, మరి ఆ దీర్ఘానికి అత్వసంధి ఎలా పొసగుతుంది?