ఇరాన్ ఆడవాళ్ల కోసం వేసిన బొమ్మ మా యాకుత్‌పురా అమ్మాయికి నచ్చలేదు. ఏం చేయమంటారు?

చిక్కడపల్లి డ్రాయింగ్ టీచర్:
ఆదివారాలు మేం తొమ్మిది మంది ఆడవాళ్లం ఒక డాబా మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటాం. మార్చి 8కి బాగ్‌లింగంపల్లిలో చిన్న హాలు దొరికింది. ఇరాన్ ఆడవాళ్లకు మద్దతుగా ఇరవై అడుగుల తెల్లగుడ్డ మీద ఒక పెద్ద బొమ్మ వేద్దామనుకున్నాం. స్కెచ్ నేనే గీశాను. ఒకమ్మాయి జుట్టు కత్తిరించుకుంటోంది, పక్కన హిజాబ్ తగలబడుతోంది. హిజాబ్ సరిగా వేసుకోలేదని ఇరాన్ పోలీసులు పట్టుకెళ్లిన జినా మహ్సా అమీనీ 2022 సెప్టెంబర్ 16న చనిపోయాక లోకమంతా చూసిన దృశ్యాలే అవి. నిజం చెప్పాలంటే, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మాలో ఒకమ్మాయి యాకుత్‌పురా నుంచి వస్తుంది. బుర్ఖాలోనే వస్తుంది, డాబా ఎక్కాక తీసి దండెం మీద వేస్తుంది. స్కెచ్ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, మా అమ్మని కూడా తీసుకొద్దామనుకున్నా. దీని కింద నిలబడి ఆమె చాయ్ తాగలేదు" అంది.

మిగతావాళ్లలో ఇద్దరు "బొమ్మ దగ్గర రాజీ ఏంటి?" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మార్చాలా, మానేయాలా?

పాతబస్తీ పిల్ల:
టీచర్ గారూ, అదే 2022లో కర్ణాటకలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. హిజాబ్ వేసుకున్న అమ్మాయిలను కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధం సరైనదే అంది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. అప్పుడు టెహ్రాన్‌లో తీయనివ్వలేదు, ఉడుపిలో వేసుకోనివ్వలేదు. మంట మాత్రమే గీస్తే ఇక్కడ చూసేవాళ్లకు ఈ సగం కథే చేరుతుంది, అదీ మమ్మల్ని తిట్టేవాళ్లకు బాగా పనికొచ్చే సగం.

ఇరాన్ ఆడవాళ్ల నినాదం వాడండి. కుర్దిష్‌లో పుట్టింది, పర్షియన్‌లో "జన్, జిందగీ, ఆజాదీ" అంటారు. జన్ అంటే స్త్రీ. జిందగీకి, ఆజాదీకి హైదరాబాద్‌లో తర్జుమా కావాలా?

గోనెసంచి:
నేను కుట్టుపని మనిషిని, నాకు కుట్టే కనిపిస్తుంది. 1973లో చిలీలో సైన్యం గద్దెనెక్కాక ఎంతోమంది మాయమయ్యారు. రాజధాని శాంటియాగోలో వాళ్ల తల్లులు, భార్యలు గోనెగుడ్డ మీద పేలికలు కుట్టి జరిగింది బొమ్మలుగా చెప్పారు. వాటిని అర్పియేరాలు అంటారు, ఆ మాటకు అర్థం గోనెగుడ్డే. కొన్నిట్లో మాయమైనవాళ్ల చొక్కా ముక్కలు కూడా ఉంటాయి. చర్చి అండతో అవి రహస్యంగా దేశం దాటాయి, బయటి దేశాల్లో కొన్నవాళ్ల డబ్బు ఆ ఇళ్లకు చేరింది. మన బొంత కుట్టడం వచ్చినవాళ్లెవరికైనా చేతికందే పని. రంగులు కొనే ముందు ఆ యాకుత్‌పురా అమ్మాయి వాళ్లమ్మకు సూది పట్టడం వచ్చేమో అడగండి.

ఇంకోటి. మీరు దండెం అన్నారు కదా! 1978లో మెక్సికో సిటీలో మోనికా మేయర్ అనే కళాకారిణి మ్యూజియంలో దండెం కట్టింది. ఈ ఊళ్లో ఆడదానిగా నీకు అసలు నచ్చనిదేంటని అడిగి, ఆడవాళ్లు రాసిన గులాబీ రంగు చీటీలు దాని మీద క్లిప్పులతో తగిలించింది. తర్వాత చాలా దేశాల్లో ఆ దండెం మళ్లీ మళ్లీ కట్టారు.

డాబా నంబర్ త్రీ:
రాజీ వద్దన్న ఇద్దరిలో నేనొకదాన్ని. ఇప్పటికీ ఆ కత్తెర ఉండాలనే అంటాను. ఇరాన్‌లో కత్తెర పట్టినవాళ్లు ప్రాణాలకు తెగించారు, మనకు ఇబ్బందిగా ఉందని దాన్ని చెరిపేస్తే ఎట్లా?

చిక్కడపల్లి డ్రాయింగ్ టీచర్:
కత్తెర ఉంచాం, మంట తీసేశాం. మంట ఉన్నచోట ఇప్పుడు ఇద్దరమ్మాయిలు. ఒకామె తల మీంచి గుడ్డ తీస్తోంది, ఇంకొకామె కప్పుకుంటోంది. రెండూ ఎవరి చేతులతో వాళ్లే. ఈ చేతులు గీయడానికే మూడు ఆదివారాలు పట్టింది, వేళ్లు నాకెప్పుడూ సరిగ్గా రావు.

కింద బొంత అంచు కుడుతున్నాం. యాకుత్‌పురా అమ్మాయి వాళ్లమ్మ నిన్న వచ్చింది, నా కుట్టు చూసి నవ్వి విప్పేసింది. దండెం హాల్లో గుమ్మం పక్కన కడతాం. చీటీలు అప్పుడే మొదలయ్యాయి. మొదటిది ఆవిడదే, కూతురితో రాయించింది: "రాత్రి ఎనిమిది దాటితే మా గల్లీకి ఏ ఆటోవాడూ రాడు."