ఇంటి పచ్చళ్లు: ధర, కొరియర్‌లో నూనె కారడం గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం తణుకులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వేరే ఊళ్లకు పంపుతుంటాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. ఆవకాయకు గానుగ నువ్వుల నూనె, గుంటూరు మిరపకాయలు కొని మరలో ఆడించిన కారం తప్ప వేరేవి వాడం. అందుకే కిలో 650 రూపాయల కన్నా తక్కువకిస్తే గిట్టదు. "బయట 400కే దొరుకుతోంది కదండీ" అంటారు. రిఫైన్డ్ నూనెతో పెడితే మేమూ ఇవ్వగలం. ఆ మాట చెబితే గొప్పలు పోతున్నామనుకుంటారు.

ధర సంగతి ఎలాగోలా సర్దుకుంటాం. అసలు టెన్షన్ కొరియర్‌తోనే. ముక్క మునిగేలా నూనె ఉంటేనే ఆవకాయ నిలవ ఉంటుంది, ఆ నూనే దారిలో కారిపోతోంది. కవర్‌కు సీల్ వేసి, డబ్బాలో పెట్టి, టేపు చుట్టినా అంతే. మొన్న బెంగళూరు ఆవిడ ఒకరు పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో పంపి, మొత్తం డబ్బు వాపసు అడిగారు. కొరియర్ వాళ్లేమో నూనె వస్తువులకు తమ బాధ్యత లేదంటున్నారు.

ఇలాంటప్పుడు మీరు డబ్బు వెనక్కిస్తారా, మళ్లీ సరుకు పంపుతారా? ప్యాకింగ్ ఖర్చు ధరలో కలపాలా, బిల్లులో విడిగా చూపాలా? కారకుండా పంపుతున్నవాళ్లు ఏ రకం కవర్లు వాడుతున్నారో, తక్కువ సంఖ్యలో ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.